యాదగిరి మొలతాడు

నవంబరు 3, సోమవారం

ఉదయం 7.40కి పోతులగూడ యాదగిరి శవాన్ని అతని బంతి తోట బావిలోంచి పైకి తీశారు. తల వెనక లోతైన దెబ్బ. ఒక కాలికే చెప్పు. తీసినవాళ్లు ఊరివాళ్లే – నాలుగు తాళ్లు, ఒక నులక మంచం. పోలీసులు వచ్చింది ఎనిమిదిన్నరకు. నేను వెళ్లేసరికి తొమ్మిది దాటింది.

శవం మీద దుప్పటి కప్పి ఉంది. పక్కనే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాల్సిన బంతిపూల గంపలు. కార్తీక సోమవారం కదా, నిన్న సాయంత్రమే కోసి పెట్టుకున్నాడట.

తమ్ముడు శ్రీశైలం ఎయిర్‌పోర్టు కార్గోలో లోడర్. యూనిఫాంలోనే వచ్చాడు. ఏడవలేదు. బావి గట్టున కూర్చుని నీళ్లలోకి చూస్తున్నాడు. అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. అది వార్తలో రాయలేదు. అది సమాచారం కాదు, నాకు అనిపించింది మాత్రమే.

హత్య. అంతవరకే పంపాను.

నవంబరు 4, మంగళవారం

మూర్తి గారి ఫోన్. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన గొంతులో ఇంత హుషారు వినలేదు.

"రిపోర్టరు గారూ, ఖాళీయేనా? ఒక్కసారి రండి."

ఇన్‌స్పెక్టర్ రాఘవేందర్ ఆయన్ను సలహా కోసం పిలిచాడట. కాగితం మీద కాదు, మాట మీద. రాఘవేందర్ ఒకప్పుడు ఆయన కింద ఎస్సై. ఈ చుట్టుపక్కల హత్య కేసుల్లో మూర్తి గారు పట్టుకోలేనివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవన్నీ రాసింది నేనే.

బస్టాండు పక్క హోటల్. చాయ్ తీపి ఎక్కువైందని పక్కకు నెట్టేశారు. గొంతు తగ్గించి –

"ఇది రాయడానికి కాదండీ. మొలతాడు కోసేసి, చొక్కా జేబులో పెట్టారు. మార్చురీలో చూశాం."

నేను పెన్ను మూసేశాను. అదీ మా మధ్య పద్ధతి. ఆయన 'రాయడానికి కాదు' అంటే పెన్ను మూయడం.

"దొంగో, పగవాడో అయితే కొట్టి, తోసేసి పోతాడు. మొలతాడు తీసేది ఎప్పుడు? మనిషి పోయాక, కాష్ఠానికి ఎక్కించే ముందు. అది ఇంటివాళ్ల పని. చంపినవాడు వీడికి చేయాల్సింది కూడా చేసి పోయాడు. సొంతవాడు."

"తమ్ముడా?"

"నేననలేదు. మీరన్నారు." నవ్వారు. "ఈ సంగతి ముగ్గురికే తెలుసు. రాఘవేందర్, నేను, ఇప్పుడు మీరు. మీకు చెప్పకుండా నాకు ఏ కేసు తెమిలింది గనక?"

ఇంటికొచ్చేదాకా ఆ చివరి మాట బాగానే ఉంది.

నవంబరు 5, బుధవారం

దహనం. యాదగిరికి ఇద్దరూ ఆడపిల్లలే. తలకొరివి పెట్టింది శ్రీశైలం.

ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి – కొట్టిన చేత్తోనే కొరివి పెట్టిండు, అని.

నవంబరు 7, శుక్రవారం

శ్రీశైలాన్ని రెండుసార్లు స్టేషన్‌కు పిలిచి పంపారు. ఒకటే మాట చెబుతున్నాడట – నాకు తెల్వదు.

అన్నదమ్ముల తగాదా నిజమే. తోట పక్కన ఇళ్ల ప్లాట్ల వెంచర్ వచ్చింది. టిప్పర్లతో ఎర్రమన్ను తెచ్చి గట్టు పొడుగునా కుప్పలు పోశారు. తమ్ముడు అమ్ముదామంటాడు, అన్న అమ్మనంటాడు. ఆ కుప్పలు తన గట్టు మీదకు జారుతున్నాయని యాదగిరి వెంచర్ వాళ్లతోనూ కొట్లాడాడు. ఈ రెండో సంగతి మూర్తి గారికి చెప్పాను. తల ఊపారు. రాసుకోలేదు.

"రేపు వాళ్లింట్లో సోది అడుగుతున్నారట. మీరూ వస్తే బాగుంటుంది."

"సోదికి మీరెందుకు సార్?"

"పోయినవాడు ఏం చెబుతాడో వినడానికి కాదులెండి. బతికున్నవాళ్ల మొహాలు చూడ్డానికి."

నవంబరు 8, శనివారం

విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ఉదయం పదిన్నర. యాదగిరి ఇంటి వాకిలి. సోదమ్మ ముందు చాట, చాటలో బియ్యం, మధ్యన దీపం. ఈ ఊళ్లో ఎవరు పోయినా సోది అడుగుతారు. పోయినవాడు ఆమె నోటితో పలుకుతాడని నమ్మకం. ఎదురుగా యాదగిరి భార్య, పిల్లలు. పక్కన యాదగిరి పెదనాన్న బాలయ్య. గోడకు ఆనుకుని శ్రీశైలం, అతని భార్య లావణ్య. మూర్తి గారు గుమ్మం దగ్గర కుర్చీలో. నన్ను బాలయ్య పక్కన కూర్చోమన్నారు.

కాసేపు ఆవలింతలు. తర్వాత గొంతు మారింది. మగ గొంతు అని రాయను. బరువుగా ఉంది.

"పెద్దబాపూ… దూపైతంది పెద్దబాపూ."

బాలయ్య చెంబుతో నీళ్లు పెట్టాడు.

"ఎవరు సంపిండ్రు బిడ్డా?"

"ఎనుకకెల్లి కొట్టిండు. నా పాణం పోంగనె మొలతాడు తెంపిండు… జేబుల పెట్టిండు… నా తోడబుట్టినోడే…"

యాదగిరి భార్య కేక. శ్రీశైలం లేచి బయటికి పోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. మూర్తి గారు అతన్నే చూస్తున్నారు.

అప్పుడే నెత్తి మీద విమానం. ఈ ఊళ్లో అందరికీ అలవాటే – అది దాటేదాకా మాట ఆపేస్తారు, దాటాక ఆపిన చోటినుంచే అందుకుంటారు. సోదమ్మ ఆపలేదు. ఆ చప్పుడులోనే ఇంకో మాట అంది. యాదగిరి భార్యా పిల్లలూ ఏడుపులో ఉన్నారు, ఆ మాట విన్నది సోదమ్మకు చేరువలో ఉన్న నేనూ, బాలయ్యా.

"నా ఎడమ చెప్పు ఎర్రమన్ను కుప్పల ఉన్నది. మూడోదాంట్ల, తుమ్మచెట్టు దిక్కు."

విమానం పోయింది. ఆమె తల వాల్చేసింది.

ముగ్గురికే తెలిసిన సంగతి. వాకిట్లో ముప్పై మంది విన్నారు. నా ఒళ్లు జలదరించింది. ఇదొక్కటి నాకోసం రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం మూర్తి గారికి ఫోన్ చేశాను.

"ఆమెకెట్ల తెలిసింది సార్?"

"నన్నడుగుతారేమండీ? ఆవిడనడగండి."

"రాయొచ్చా?"

"ముప్పై మంది విన్నాక దాచేదేముంది? ఆ వివరం వాస్తవమేనని పోలీసు వర్గాలు ధ్రువీకరించాయని రాయండి."

రాశాను. చెప్పు సంగతి వదిలేశాను. ధ్రువీకరించేవాళ్లు లేరు.

నవంబరు 9, ఆదివారం

మొదటి పేజీ. నేను పెట్టిన శీర్షిక 'హత్య కేసులో సోది వివరం'. డెస్కు మార్చింది – 'చనిపోయినవాడే చెప్పాడు'. కింద నా పేరు.

నవంబరు 10, సోమవారం

మధ్యాహ్నం 2.10కి శ్రీశైలం అరెస్టు. ఒప్పుకోలేదు. రిమాండ్.

సాయంత్రం అతని ఇంటి తలుపులు విరగ్గొట్టారు. టీవీ, బీరువా, పిల్లల సైకిల్ వీధిలో.

నవంబరు 11, మంగళవారం

లావణ్య ఫోన్. పిల్లల్ని తీసుకుని జల్‌పల్లిలో తల్లిగారింట్లో ఉంది.

"అన్నా, నువ్వేనా పేపర్ల రాసింది?"

"నేనే అమ్మా."

"మా వాడకట్టు మొత్తానికి నీ పేపర్ చదివి వినిపిస్తున్నరు. సోదమ్మ చెప్తె సగం మంది నమ్మలే. పేపర్ల వచ్చినంక అందరు నమ్మిండ్రు." "గా దినం రాత్రి ఆయన ఇంట్లనే ఉన్నడు. నేను చెప్తె ఎవరింటరు? పెండ్లాం గిట్ల చెప్పక ఎట్ల చెప్తదంటరు. నువ్వన్న రాస్తవా అన్నా, ఇంట్ల ఉండెనని?"

రుజువు లేకుండా రాయలేనని చెప్పాను.

"సోదికి రుజువుండెనా?"

'పోలీసు వర్గాలు ధ్రువీకరించాయి' – మనసులో అదే తిరుగుతోంది.

నవంబరు 12, బుధవారం

పదో రోజు. పిండం పెట్టాల్సిన శ్రీశైలం జైల్లో ఉన్నాడు కనుక బాలయ్య పెట్టాడు. నేను దూరంగా నిలబడ్డాను. నన్ను చూసి కొందరు జరిగి చోటిచ్చారు, గౌరవంగా. అది ఇంకా కష్టంగా ఉంది.

బాలయ్య తల తుడుచుకుంటూ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ముసలోన్ని. నాకు చెయ్యాల్సిన పోరనికి నేను చెయ్యవడితి. పిండం నేనే పెడితి, ఆనాడు మొలతాడు గుడ నేనే తెంపితి…"

"ఏనాడు?"

"శవాన్ని తీసిన నాడే. మంచం మీదికెల్లి దించంగనె. పాణం పోయినోని నడుముకు ఉంచొద్దు గద. కొడవలితోని తెంపి జేబుల పెట్టిన, వానితోనే పోవాలె అని."

"పోలీసులు రాకముందా?"

"ఆల్లు ఎప్పుడొచ్చిరి? ఎండెక్కినంక."

"ఎవరైనా చూశారా?"

"అందరు సూసిండ్రు. సూడనీకి అండ్ల ఏమున్నది?"

మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. శవాన్ని తీసిన ఇంకో ఇద్దరిని విడివిడిగా అడిగాను. ఇద్దరూ అదే మాట – అవును, బాలయ్య తెంపిండు, ఏమాయె? సంపింది తమ్ముడని సోదిల వచ్చె గద.

"మరి సోదిలో తమ్ముడు తెంపాడని అంటే నువ్వెందుకు ఊకున్నవ్ బాలయ్యా?"

చాలాసేపు మట్టిలో పుల్లతో గీతలు గీశాడు.

"సచ్చినోడు మాట్లాడుతుంటె అబద్ధమాడుతున్నవ్‌రా అందునా? పైంగ… నేనే తెంపిన అంటె నన్ను పట్కపోతరు గద."

ఇంటికొచ్చి వరసగా రాసి చూసుకున్నాను. మొలతాడు తెంపింది హంతకుడు కాదు. తెంపినవాడు హంతకుడని అనుకున్నది లోకంలో ముగ్గురం. రాఘవేందర్, నేను, మూర్తి గారు. ఊళ్లోవాళ్లకు తాడు సంగతి తెలుసు, కానీ సరిగ్గా తెలుసు. సోదమ్మ నోట వచ్చింది ఊరి మాట కాదు, యాదగిరి మాట అంతకన్నా కాదు. మా ముగ్గురి పొరపాటు.

నేను చెప్పలేదు. రాఘవేందర్ సోదికి రానే లేదు, ఆ సంగతి అతనికి మర్నాడు పేపర్లోనే తెలిసిందట.

ఒక్కరే మిగిలారు.

నవంబరు 13, గురువారం

బడంగ్‌పేట్. మూర్తి గారి ఇల్లు. ఈ కాలనీలో ఈ ప్లాటు వెతికి చూపించింది నేనే.

ఆయన భార్య కాఫీ తెచ్చారు. "పంచదార తక్కువే వేశానండీ అన్నయ్యగారూ, మీకు షుగరని గుర్తుంది." లోపలికి వెళ్లేదాకా ఆగాను.

బాలయ్య సంగతి చెప్పాను. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నాకెవరూ చెప్పలేదే."

"ఎవరూ అడగలేదు సార్."

"పోలీసులు రాకముందే తెంపేస్తారా, బుద్ధి లేకుండా…"

"సోదమ్మకు చెప్పింది మీరేనా?"

అబద్ధం చెబుతారనుకున్నాను. చెప్పలేదు.

"నేనే. ముందు రోజు వెళ్లి కలిశాను. వాడు గట్టి ఘటమండీ, మామూలుగా నోరు విప్పడు. అన్న గొంతుతో అడిగితే పగులుతాడనుకున్నాను. చూశారుగా, ఎలా లేచిపోయాడో."

"ముప్పై మంది ముందర అన్నను చంపావంటే ఎవడైనా లేచిపోతాడు."

"నాకు తెలుసండీ. వాడే."

"నన్నెందుకు పిలిచారు?"

"మీరు రాస్తే జనం నమ్ముతారు. వాడి చుట్టూ ఊరు బిగుసుకుంటే రెండు రోజుల్లో ఒప్పుకుంటాడనుకున్నాను." ఈ మాట నన్ను మెచ్చుకుంటున్నట్టే అన్నారు. "అయినా చచ్చినవాళ్లు కూడా మూర్తికి సాక్ష్యం చెబుతారని రాసిందెవరు? నా రిటైర్మెంట్‌కి. మీరేగా. మా ఆవిడ ఫ్రేము కట్టించింది."

గోడ మీద ఉంది. చూశాను.

చెప్పు సంగతి అడిగాను. "ఏ చెప్పు?" అన్నారు. ఎర్రమన్ను కుప్ప, తుమ్మచెట్టు. ఆయన మొహం నాకు తెలుసు, నిజంగానే తెలియదు. "అది నేను చెప్పలేదండీ. ఏదో వాగి ఉంటుంది."

"రాఘవేందర్‌కు మీరే చెప్పండి సార్. తాడును లెక్కలోంచి తీసేయమని, సోది వెనక ఎవరున్నారో కూడా."

"రెండు రోజులు టైమివ్వండి. నేనే మాట్లాడతాను. నా మాట మీద నమ్మకం లేదా?"

ఉందన్నాను. గేటు దాకా వచ్చారు. బండి స్టార్టయ్యేదాకా నిలబడ్డారు, ఎప్పటిలాగే.

నవంబరు 14, శుక్రవారం

రాఘవేందర్ పిలిచాడు. "అన్నా, జర స్టేషన్‌కు రా."

శ్రీశైలం తరఫు వకీలు కోర్టులో అడిగాడట – పోలీసులకే తెలిసిన వివరం సోదమ్మకు ఎట్లా చేరింది అని. రాఘవేందర్ మూర్తి గారిని రాసిమ్మన్నాడు. నిన్న సాయంత్రం ఇచ్చారు. నేను ఆయన ఇంటినుంచి వచ్చాక.

చదవనిచ్చాడు. రెండే వాక్యాలు. మొలతాడు వివరాన్ని నవంబరు 4న ఫలానా విలేకరికి చెప్పాను. ప్రచురించవద్దని, ఎవరికీ చెప్పవద్దని కోరాను.

రెండూ నిజమే. నేను దిద్దాల్సిన అక్షరం లేదు. మూడో వాక్యం రాయలేదు, అంతే.

"ముందుగాల సోదమ్మతోని మాట్లాడినవా అన్నా?"

"లేదు."

"సార్ మాట్లాడిండా?"

నోరు తెరిచాను. మూసుకున్నాను. ఇన్నేళ్లలో ఎవరు చెప్పారన్నది ఎవరికీ చెప్పలేదు. ఎడిటర్లకు చెప్పలేదు, ఒకసారి కోర్టులోనూ చెప్పలేదు. నోటికి అలవాటే లేదు. ఆ అలవాటు మూర్తి గారికీ తెలుసు. దాని మీదే ఆ రెండు వాక్యాలు నిలబెట్టారు.

బాలయ్య సంగతి మాత్రం చెప్పాను.

"బాలయ్య వచ్చి చెప్పాలె గద. మొన్న పిలిపిస్తే మొలతాడు మాటే ఎత్తలే."

"మీరు అడిగిండ్రా?"

"నాకేమెరుక అడగనీకి?" కాగితం మడిచాడు. "సోమవారం పదకొండింటికి వచ్చి నీ స్టేట్‌మెంట్ ఇయ్యి. ఏమిస్తవో నీ ఇష్టం. కని అన్నా… సార్ నాకు గురువు. నీకు గుడ గంతే గద."

నవంబరు 15, శనివారం

బాలాపూర్ దాటాక సోదమ్మ ఇల్లు. దాచలేదు.

"మొలతాడు సంగతి గా సారే చెప్పిండు. పోలీసు సారు చెప్పమంటె కాదంటమా? తమ్ముని పేరు గుడ ఆయనే అన్నడు. తప్పే."

"చెప్పు సంగతి?"

"ఏం చెప్పు?"

ఆమె అన్నది అన్నట్టు చెప్పాను. మూడో కుప్ప, తుమ్మచెట్టు దిక్కు. చాటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది.

"గా మాట నేనన్ననా? నాకు యాదికి లేదు బిడ్డా." చాట పక్కకు జరిపి – "గది నాది కాదు."

దీనికి నా దగ్గర వివరణ లేదు. ఎవరో ఆమెకు చెప్పి ఉండొచ్చు. ఆమె అబద్ధమాడుతూ ఉండొచ్చు. లేదా… ఈ 'లేదా' తర్వాత ఏం రాయాలో తెలియదు. ఖాళీగా వదిలేస్తున్నాను.

మూర్తి గారికి ఒకే మెసేజ్ పెట్టాను – మీరు రాసిచ్చింది చదివాను సార్. చూశారు. జవాబు లేదు.

నవంబరు 16, ఆదివారం

ఉదయం బాలయ్య ఫోన్.

"రేపు పదింటికి డోజర్ వస్తదంట. వెంచర్ల కుప్పలన్ని సాఫ్ చేస్తరంట. గా దినం సోదమ్మ అన్న మాట… నువ్వు గుడ విన్నవ్ గద?"

"విన్నాను."

"మరెట్ల?"

రాఘవేందర్‌కు ఫోన్ చేశాను. డోజర్ వచ్చేలోపు ఒక కుప్ప తవ్వించమన్నాను. చెప్పు దొరికితే, యాదగిరి దెబ్బ తిన్నది బావి దగ్గర కాదు, వెంచర్ లోపల అని తేలుతుంది.

"ఎవరు చెప్పిండ్రు అక్కడున్నదని?"

"సోదిలో అన్నది."

నవ్వాడు. "దయ్యం చెప్పిందని పోలీసోళ్లు మన్ను తవ్వాల్నా అన్నా?"

అదే సోది చెప్పిందని శ్రీశైలం జైల్లో ఏడో రోజు గడుపుతున్నాడు. అది అనలేదు. ఫోన్ పెట్టేశాను.

బాలయ్యకు చెప్పాను – మనమే పోదాం, వీడియో తీస్తాను, చెప్పు కనబడితే ముట్టుకోవద్దు. దొరికినా దొరకకపోయినా నా వెంట స్టేషన్‌కు వచ్చి మొలతాడు సంగతి చెప్పాలి.

"తవ్వనీకైతె వస్త. పోలీసుల ముంగట నా నోరు వెళ్లదు బిడ్డా."

"నీ నోరు వెళ్లకపోతే శ్రీశైలం బయటికి రాడు."

"నీదైతె వెళ్తదా?"

సూటిగానే అడిగాడు. బాలయ్యకు మూర్తి గారి సంగతి తెలియదు, నేను చెప్పలేదు.

మధ్యాహ్నం స్టేట్‌మెంట్ రాసుకుందామని కూర్చున్నాను. మొదటి వాక్యం వచ్చింది – నవంబరు 4న నాకు ఈ వివరం తెలిసింది. రెండోది – దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఆగిపోయాను. నాదీ రెండు వాక్యాలే అయింది. మూడో దానికి ఒక పేరు కావాలి.

సాయంత్రం ఐదుకు మూర్తి గారి ఫోన్. ఎత్తలేదు. వెంటనే మళ్లీ. ఎత్తలేదు. తర్వాత వాళ్లావిడ నంబరు నుంచి. చేతిలో మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను, ఆగేదాకా.

లావణ్య మెసేజ్ – అన్నా రేపు నేను గుడ స్టేషన్ కాడికి వస్తున్న, పిల్లల్ని తోల్కొని.

రేపు ఎనిమిదికి వెంచర్ గేటు దగ్గర బాలయ్య. పార తనే తెస్తానన్నాడు.

పదికి డోజర్.

పదకొండుకు స్టేషన్.